చందమామ గుహలను ఊహించిన కెప్లర్

మనం ఏ ఊరికి బదిలీ మీద వెళ్లినా మన వెంట తప్పకుండా వచ్చేవాడు చందమామ. బడి మారుతుంది, స్నేహితులు మారతారు, పక్కింటివాళ్ల భాష మారుతుంది. రాత్రి మేడ మీదికెక్కి చూస్తే మాత్రం ఆకాశంలో మనకు తెలిసిన చందమామే కనిపిస్తాడు. అతని మీది మచ్చల గురించి చెప్పే కథలే ఊరికొకటి. మన అమ్మమ్మలు అక్కడ కుందేలు ఉందంటారు. బెంగాలీ బామ్మలు అక్కడ ఒక ముసలమ్మ కూర్చుని రాట్నం తిప్పుతోందంటారు.

సుమారు 400 ఏళ్ల కిందట ఐరోపాలో ఒక గణిత పండితుడు అదే చందమామను చూసి కొన్ని ప్రశ్నలు వేసుకున్నారు. అక్కడ కనిపించే గుంతలు ఎలా ఏర్పడ్డాయి? వాటిలో ఏవి వాటంతట అవే ఏర్పడినవి, ఏవి ఎవరైనా తవ్వినవి? అక్కడ ఎవరైనా ఉంటే మండే ఎండకు, గడ్డకట్టే చలికి ఎక్కడ తలదాచుకుంటారు? ఆ పండితుడే జోహాన్నెస్ కెప్లర్. గ్రహాల చలన నియమాలు నేర్చుకునేటప్పుడు మనం ఆయన పేరు చదువుతాం. ఆ మూడు నియమాలు కనిపెట్టిన మనిషి చందమామ గుహల గురించి ఒక కథ కూడా రాశారు. ఆ కథ వల్ల తన తల్లికే కీడు జరిగిందని చివరిదాకా బాధపడ్డారు. ఆయన జీవితం గురించి తెలుసుకుందాం.

బాల్యం

కెప్లర్ 1571 డిసెంబరు 27న ఇప్పటి జర్మనీలోని వైల్ డెర్ స్టాట్ అనే చిన్న పట్టణంలో పుట్టారు. నెలలు నిండకుండానే పుట్టిన బిడ్డ కావడంతో ఒంట్లో బలం తక్కువ. తండ్రి హైన్రిష్ కిరాయి సిపాయి. ఎవరు జీతమిస్తే వారి తరఫున యుద్ధానికి వెళ్లేవాడు. కొన్నాళ్లు ఇంట్లో ఉండడం, మళ్లీ ఏళ్ల తరబడి కనిపించకపోవడం ఆయనకు అలవాటు. చివరికి ఒకసారి వెళ్లినవాడు తిరిగి రానేలేదు. తల్లి కథరీనా సత్రం నడిపే కుటుంబంలో పుట్టిన మనిషి. ఆకులు, వేళ్లు ఏరి తెచ్చి మందులు చేసి ఇచ్చేది. మాట కాస్త దురుసు.

చిన్నతనంలోనే కెప్లర్‌కు మశూచి సోకింది. ప్రాణం దక్కింది కానీ చూపు మందగించింది, చేతుల్లో పట్టు తగ్గింది. ఆకాశాన్ని చదవడానికే పుట్టినట్టున్న పిల్లవాడికి నక్షత్రాలు సరిగ్గా కనిపించేవి కావు. అయినా రెండు రాత్రులు ఆయనకు జీవితాంతం గుర్తున్నాయి. 1577లో పెద్ద తోకచుక్క వచ్చినప్పుడు తల్లి ఆయనను ఎత్తైన చోటికి తీసుకువెళ్లి చూపించింది. 1580లో చంద్రగ్రహణం పట్టినప్పుడు ఇంట్లోవాళ్లు బయటికి పిలిచి, ఎర్రబారిన చంద్రుణ్ణి చూపించారు.

ఇంటి పరిస్థితి వల్ల పొలం పనికి, సత్రం పనికి వెళ్లవలసి వచ్చేది. అందుకే మూడేళ్లలో పూర్తి కావలసిన లాటిన్ బడి చదువుకు ఆయనకు ఐదేళ్లు పట్టింది. కానీ తెలివైన పేద పిల్లలకు ఆ రాజ్యం ఇచ్చే విద్యార్థి వేతనం ఆయనను ఆదుకుంది. 1589లో ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో చేరారు. మత బోధకుడు కావాలన్నది ఆయన కోరిక.

అక్కడ మైకేల్ మేస్ట్లిన్ అనే గురువు దొరికారు. భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్న కోపర్నికస్ సిద్ధాంతాన్ని నమ్మేవారు ఆ రోజుల్లో చాలా తక్కువ. మేస్ట్లిన్ ఆ కొద్దిమందిలో ఒకరు. ఆ సిద్ధాంతం విన్న శిష్యుడికి ఒక ఆలోచన వచ్చింది. భూమి కదులుతున్నట్టు మనకు తెలియదు కాబట్టి అది కదలడం లేదని అందరూ అంటున్నారు. మరి చంద్రుడి మీద నిలబడిన మనిషికి ఏమి కనిపిస్తుంది? వాడికి తన చంద్రుడే కదలకుండా ఉన్నట్టు, మన భూమే గిర్రున తిరుగుతున్నట్టు కనిపిస్తుంది కదా! 1593లో ఈ విషయం మీద ఒక వ్యాసం రాసి చర్చకు పెట్టాలనుకున్నారు. పెద్దలు అనుమతి ఇవ్వలేదు. కెప్లర్ ఆ కాగితాలను దాచుకున్నారు. అప్పటికి ఆయన వయసు 21 ఏళ్లు.

ఊరు నుంచి ఊరికి

1594లో ఆస్ట్రియాలోని గ్రాజ్ పట్టణంలో గణిత ఉపాధ్యాయుడు కావాలని కబురొచ్చింది. మత బోధకుడి చదువు మధ్యలో వదిలి వెళ్లారు. మొదటి ఏడాది ఆయన తరగతికి కొద్దిమందే వచ్చారు. రెండో ఏడాది ఒక్కరూ రాలేదు. ఆయన వేగంగా మాట్లాడుతూ, ఒక విషయం నుంచి మరో విషయానికి దూకేవారు. ఆ ఖాళీ సమయంలోనే గ్రహాల దూరాల గురించి ఆలోచించి 1596లో మొదటి పుస్తకం ప్రచురించారు. 1597లో బార్బరా అనే ఆమెను పెళ్లి చేసుకున్నారు. మొదట పుట్టిన ఇద్దరు బిడ్డలూ పసికందులుగానే పోయారు.

ఇంతలో గ్రాజ్‌లో మత కలహాలు ముదిరాయి. పాలకుల మతానికి మారనివాళ్లు ఊరు విడిచిపోవాలన్న ఆజ్ఞ వచ్చింది. కెప్లర్ మారలేదు. 1600లో భార్యను, సవతి కూతురును తీసుకుని, దొరికినంత సామాను బళ్ల మీద వేసుకుని ప్రాగ్ నగరానికి బయలుదేరారు. ట్రాన్స్‌పోర్టు లారీలో సామాను ఎక్కించడం, అటక మీది అట్టపెట్టెలు దించడం మనకు తెలిసిన పనులే. అయితే మనకు ముందుగా ఉత్తర్వు వస్తుంది, వెళ్లేచోట క్వార్టర్సు ఉంటుంది, బడిలో సీటు ఉంటుంది. కెప్లర్‌కు అవేవీ లేవు.

ప్రాగ్‌లో టైకో బ్రాహి అనే మహా పరిశీలకుడు ఉండేవారు. టెలిస్కోపు లేని ఆ కాలంలో పెద్ద పెద్ద కొలత సాధనాలతో దశాబ్దాల పాటు గ్రహాల స్థానాలు రాసిపెట్టిన మనిషి ఆయన. కెప్లర్‌కు చూపు లేదు, లెక్క ఉంది. టైకో దగ్గర చూపు ఉంది, దానికి సరిపడే లెక్క కావాలి. టైకో ఆయనకు అంగారకుడిని అప్పగించారు. 1601లో టైకో చనిపోయాక ఆయన స్థానంలో చక్రవర్తి రుడాల్ఫ్ ఆస్థాన గణితవేత్త పదవి కెప్లర్‌కు దక్కింది. పదవి పెద్దదే కానీ జీతం మాత్రం ఎప్పుడూ బకాయే.

అంగారకుడి దారి వృత్తం అనుకుని కెప్లర్ ఏళ్ల తరబడి లెక్కలు వేశారు. గ్రహాలు వృత్తాల్లోనే తిరుగుతాయని అప్పటికి 2000 ఏళ్లుగా పండితులు నమ్ముతున్నారు. చివరికి లెక్కకూ టైకో కొలతకూ 8 కళల తేడా వచ్చింది. డిగ్రీలో అరవయ్యో వంతును కళ అంటారు. 8 కళలంటే పున్నమి చంద్రుడి వెడల్పులో దాదాపు నాలుగో వంతు. ఇంకొకరైతే ఆ తేడాను చూసీచూడనట్టు వదిలేసేవారు. కెప్లర్ వదల్లేదు. టైకో అంత తప్పు కొలవడని ఆయన నమ్మకం. అందుకే తన లెక్కనంతా పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టారు. అలా తేలినదే అంగారకుడు దీర్ఘవృత్తంలో తిరుగుతాడన్న నియమం. 1609లో ఆ పుస్తకం వెలువడింది. వృత్తం మీది నమ్మకాన్ని కొలత కోసం వదులుకున్న మనిషని ఇక్కడ గుర్తుపెట్టుకుందాం. తర్వాత మళ్లీ దీని అవసరం వస్తుంది.

నీడ చెప్పిన సంగతి

1610లో ఇటలీ నుంచి గెలీలియో రాసిన చిన్న పుస్తకం ప్రాగ్ చేరింది. టెలిస్కోపుతో చూస్తే చంద్రుడు నున్నగా లేడని, నిండా కొండలు, గుంతలు ఉన్నాయని అందులో ఉంది. అంత దూరం నుంచి ఏది కొండో ఏది గుంతో ఎలా తెలిసింది? నీడను బట్టి. ఉదయం ఎండ ఏటవాలుగా పడేటప్పుడు నేల మీద ఒక గిన్నె పెట్టి చూస్తే మనకూ తెలుస్తుంది. గిన్నె లోపల సూర్యుడి వైపు గోడ చీకటిగా, ఎదుటి గోడ వెలుగుగా ఉంటాయి. అదే గిన్నెను బోర్లిస్తే సూర్యుడి వైపు వెలుగు, అవతలి వైపు నీడ. చంద్రుడి మీద చీకటీ వెలుగూ కలిసే గీత దగ్గర గెలీలియో ఈ తేడానే చూశారు.

చాలామంది పండితులు ఆ పుస్తకాన్ని ఎగతాళి చేశారు. కెప్లర్ మాత్రం కొద్ది రోజుల్లోనే దాన్ని సమర్థిస్తూ జవాబు రాసి అచ్చు వేయించారు. అందులో తన పాత అభిప్రాయం ఒకటి మార్చుకున్నారు కూడా. చంద్రుడి మీది నల్ల మచ్చలు నేల అని, తెల్లని భాగాలు నీళ్లని 1604లో తన పుస్తకంలో రాశారు. గెలీలియో పరిశీలన చదివాక, తెల్లనిదే నేల అని ఒప్పుకున్నారు. నల్లని చోట్ల నీళ్లు ఉంటాయని అప్పట్లో ఇద్దరూ అనుకున్నారు. అది సరికాదని, అక్కడున్నది గట్టిపడిన లావా అని మనకు ఇప్పుడు తెలుసు.

కలలో కనబడిన గుహలు

గెలీలియో పుస్తకం రావడానికి ముందే, 1609లో, కెప్లర్ విద్యార్థి రోజుల నాటి కాగితాలు బయటికి తీసి వాటిని ఒక కథగా మార్చారు. ఆ కథ పేరు కల అని అర్థమొచ్చే లాటిన్ మాట, సోమ్నియం. ఐస్‌లాండ్‌లో ఒక అబ్బాయి ఉంటాడు. తల్లి మూలికలు ఏరి, చిన్న సంచుల్లో కట్టి ఓడవాళ్లకు అమ్ముతుంది. ఒకరోజు ఆ అబ్బాయి కుతూహలం కొద్దీ ఒక సంచిని చింపేస్తాడు. తల్లికి కోపం వచ్చి వాణ్ణి ఓడ నాయకుడికి అప్పగించేస్తుంది. వాడు అలా డెన్మార్క్ చేరి టైకో దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకుని, ఏళ్ల తర్వాత ఇంటికి వస్తాడు. అప్పుడు తల్లి తనకు తెలిసిన ఒక ఆత్మను పిలుస్తుంది. చంద్రలోకం ఎలా ఉంటుందో ఆ ఆత్మ చెబుతుంది.

ఆత్మ చెప్పిన సంగతుల్లో చాలా భాగం అచ్చమైన శాస్త్రమే. చంద్రుడి మీద పగలు మన లెక్కలో దాదాపు 14 రోజులు, రాత్రి కూడా అంతే. ఒక వైపు వాళ్లకు భూమి ఎప్పుడూ ఆకాశంలో ఒకే చోట వేలాడుతూ కనిపిస్తుంది, రెండో వైపు వాళ్లకు అసలు కనిపించదు. పగలు భరించలేని వేడి, రాత్రి భరించలేని చలి. మరి అక్కడి ప్రాణులు ఎలా బతుకుతాయి? దానికి కెప్లర్ ఒక జవాబు ఊహించారు. చంద్రుడి నేల గుల్లబారి ఉంటుంది, దాని నిండా గుహలు, సొరంగాలు ఉంటాయి, వేడికీ చలికీ అవే రక్ష. అక్కడి ప్రాణులకు స్థిరమైన ఇల్లు లేదు. గుంపులు గుంపులుగా తిరుగుతూ, ఎండ ముదిరితే గుహల్లోకి దూరతాయి. అప్పటికి చంద్రుడి మీద ఒక్క గుహను కూడా ఎవరూ చూడలేదు. ఇంత వేడి, ఇంత చలి ఉన్నచోట తలదాచుకోవడానికి నేల లోపలే చోటుండాలని ఆయన కేవలం ఆలోచనతో చెప్పారు.

తల్లి మీద నింద

1611 కెప్లర్‌కు చెడ్డ సంవత్సరం. ఆరేళ్ల కొడుకు మశూచితో పోయాడు, కొన్ని నెలలకే భార్య పోయింది. చక్రవర్తి పదవి కూలింది. ఆయన మళ్లీ సామాను సర్దుకుని 1612లో లింజ్ నగరానికి వెళ్లారు. అదే 1611లో ఆయన కథ రాతప్రతి ఒకటి ప్రాగ్ నుంచి బయటికి పోయి, చేతులు మారుతూ ఆయన సొంత ప్రాంతానికి చేరింది. కథలో మూలికలు అమ్మే తల్లి, ఆత్మలను పిలిచే తల్లి ఉంది. చదివినవాళ్లు, విన్నవాళ్లు నవ్వుకుంటూ, కెప్లర్ తల్లి కూడా మూలికలు ఇస్తుంది కదా అని గుసగుసలాడారని కెప్లర్ తర్వాత రాసుకున్నారు.

అది మంత్రగత్తెలన్న నెపంతో ఆడవాళ్లను కాల్చి చంపుతున్న కాలం. 1615లో లియోన్‌బర్గ్‌లో ఒక అద్దాల పనివాడి భార్య, కథరీనా ఇచ్చిన పానీయం తాగి తన ఆరోగ్యం పాడైందని నింద వేసింది. ఊళ్లో ఎవరి కాలు నొప్పి పెట్టినా, ఎవరి పశువు జబ్బుపడినా ఆ ముసలమ్మ చేతబడే అన్నారు. 1620 ఆగస్టులో ఆమెను అరెస్టు చేశారు. అర్ధరాత్రి కూతురి ఇంటి నుంచి, గోల కాకుండా ఒక పెట్టెలో దాచి మోసుకుపోయారు. అప్పటికి ఆమెకు 70 ఏళ్లు దాటాయి. గొలుసులతో కట్టి, కాపలా పెట్టి, ఆ కాపలావాళ్ల ఖర్చు కూడా ఆమె ఆస్తి నుంచే రాబట్టారు.

కెప్లర్ లింజ్‌లో పని ఆపి, కుటుంబాన్ని దారిలో ఒక ఊళ్లో దించి, తల్లి దగ్గరికి వెళ్లారు. చేతబడి కేసులో ఇరుక్కున్న మనిషి తరఫున నిలబడితే ఆయన పదవికి, పేరుకు కూడా ప్రమాదమే. అయినా ఏడాదికి పైగా అక్కడే ఉండి వాదన సిద్ధం చేశారు. అంగారకుడి లెక్కల్లో చూపిన పట్టుదలే ఇక్కడా చూపారు. ఒక్కొక్క సాక్ష్యాన్నీ విడదీసి, తేదీలు పోల్చి, ఈ జబ్బుకు మామూలు కారణం ఇదీ అని చూపించారు. ఆయన రాసిన వాదన 100 పుటలు దాటింది. చివరికి న్యాయాధికారులు ఆమెకు చిత్రహింస పరికరాలు చూపించి, నిజం ఒప్పుకోమని బెదిరించారు. ఆమె ఒప్పుకోలేదు. 14 నెలల చెర తర్వాత 1621 అక్టోబరులో విడుదలైంది. మరుసటి ఏప్రిల్‌లో చనిపోయింది.

తన కథ వల్లే నిప్పు రాజుకుందని కెప్లర్ నమ్మారు. అయితే ఆయన ఆ కథను తగలబెట్టలేదు. తర్వాతి సంవత్సరాల్లో దానికి 223 వివరణలు రాసి చేర్చారు. ఏ మాట వెనక ఏ శాస్త్ర విషయం ఉంది, ఆత్మ అంటే ఏమిటి, మూలికల సంచి అంటే ఏమిటి అని విప్పి చెప్పారు. ఈసారి ఎవరూ అపార్థం చేసుకోకూడదని ఆయన ఉద్దేశం.

గుండ్రని గుంత ఎవరిది?

పాల్ గుల్డిన్ అనే గణితవేత్త మధ్యవర్తిత్వంతో కెప్లర్‌కు ఒక టెలిస్కోపు అందింది. దానితో చంద్రుణ్ణి చూసి, కృతజ్ఞతగా గుల్డిన్‌కు రాసిన ఉత్తరాన్ని కథ చివర అనుబంధంగా చేర్చారు. చంద్రుడి మీది ఎత్తుపల్లాలను రకాలుగా విడదీయడానికి ఆయన చేసిన ప్రయత్నం అందులో ఉంది.

ఆయన సూత్రం సులువైనదే. చంద్రుడి మీది కొండలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒక క్రమం లేనిది ప్రకృతిలో దానంతట అది ఏర్పడింది. గుంతలేమో చక్కగా గుండ్రంగా ఉన్నాయి, చుట్టూ గట్టు ఉంది. క్రమం ఉన్నచోట దాని వెనక ఒక బుద్ధి ఉండాలి. కాబట్టి గుంతలు అక్కడి వాళ్లు తవ్వుకున్న ఊళ్లు. మధ్యలో గుంజ పాతి, దానికి పొడుగాటి తాడు కట్టి, చుట్టూ తిరిగి వృత్తం గీసి, మట్టి తవ్వి గట్టు పోసి ఉంటారు. పగలల్లా ఎండ కదిలేకొద్దీ గట్టు నీడలోకి జరుగుతూ బతుకుతారు. ఇదీ ఆయన తీర్మానం.

ఇది తప్పని మనకు తెలుసు. అంగారకుడి విషయంలో వృత్తాన్ని వదులుకున్న మనిషే చంద్రుడి దగ్గర వృత్తాన్ని చూసి మోసపోయారు. తేడా ఎక్కడుంది? అంగారకుడి విషయంలో టైకో కొలతలు ఎదురు చెప్పాయి. చంద్రుడి విషయంలో ఎదురు చెప్పే కొలత ఆ రోజుల్లో లేదు. కానీ ఆయన తన కారణాన్ని దాచకుండా వరుసగా రాసిపెట్టారు. అందువల్లే తర్వాతివాళ్లకు ఎక్కడ ప్రశ్నించాలో తెలిసింది. మనసు లేని ప్రకృతి కూడా గుండ్రని గుంతను చేయగలదా? ఇదే ఆ ప్రశ్న. 1665లో ఇంగ్లండ్‌లో రాబర్ట్ హుక్ తడి మట్టిలోకి గుళ్లు జారవిడిచి, అలబాస్టర్ రాతి పొడిని మరిగించి చూశారు. రెండింటిలోనూ గుండ్రని గుంతలే పడ్డాయి.

చివరి ప్రయాణం

లింజ్‌లో కూడా ఆయనను నిలవనివ్వలేదు. 1626లో రైతుల తిరుగుబాటులో అచ్చుయంత్రం తగలబడింది. టైకో కొలతలతో తయారుచేసిన గ్రహ పట్టికలను ఉల్మ్ నగరానికి తీసుకువెళ్లి 1627లో అక్కడ అచ్చు వేయించారు. 1628లో సగాన్ అనే మరో ఊరు. అక్కడ సొంత అచ్చుయంత్రం పెట్టుకుని తన కల కథను అచ్చు వేయడం మొదలుపెట్టారు. 1630లో, రావలసిన జీతం బకాయిల కోసం చలికాలంలో గుర్రం మీద బయలుదేరి రీగెన్స్‌బర్గ్ చేరి జ్వరపడ్డారు. నవంబరు 15న కన్నుమూశారు. అప్పటికి 59 ఏళ్లు కూడా నిండలేదు. ఆయన సమాధి తర్వాతి యుద్ధాల్లో చెరిగిపోయింది.

సగంలో ఆగిన పుస్తకాన్ని అల్లుడు జాకబ్ బార్ట్ష్ ముందుకు నడిపారు. ఆయన కూడా 1633లో పోయారు. చివరికి కొడుకు లుడ్విగ్ 1634లో దాన్ని బయటికి తెచ్చారు. భర్త పోయి, పిల్లలతో డబ్బు లేక ఇబ్బంది పడుతున్న రెండో భార్య సుసానాకు నాలుగు రూకలు వస్తాయన్న ఆశ కూడా దాని వెనక ఉంది.

ఇప్పుడు మనం ఎలా గుర్తుపడుతున్నాం?

కెప్లర్ అడిగిన ప్రశ్ననే నేటి శాస్త్రవేత్తలు ఉపగ్రహాల ఫొటోలతో అడుగుతున్నారు. గుంత కనిపిస్తే ముందు దాని అంచు చూస్తారు. అంచు గట్టులా పైకి లేచి, చుట్టూ రాళ్లూ మట్టీ చిమ్మినట్టుంటే అది ఆకాశం నుంచి వచ్చిపడిన రాయి చేసిన గుంత. అంత వేగంతో ఢీకొట్టినప్పుడు పేలుడు అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. రాయి కాస్త ఏటవాలుగా వచ్చినా గుంత దాదాపు గుండ్రంగానే పడుతుంది. కెప్లర్ చూసిన గుండ్రదనానికి కారణం ఇదే.

అంచు లేకుండా, చుట్టూ మట్టి చిమ్మకుండా, నేల ఉన్నట్టుండి కిందికి కుంగినట్టుంటే అది వేరే రకం. కింద ఖాళీ ఉండి పైనేల కూలిందన్నమాట. ఇలాంటివి కొన్ని పళ్లెంలా పల్చగా ఉంటాయి, నేల పగుళ్ల వెంట వరుస కట్టి ఉంటాయి. కొన్ని బావిలా నిట్టనిలువు గోడలతో ఉంటాయి. వీటిలో కొన్ని లావా సొరంగాల పైకప్పు కూలి ఏర్పడినవి. ఒకప్పుడు లావా నదిలా పారుతుంటే పైభాగం చల్లారి గట్టిపడుతుంది, లోపలి లావా పారిపోయాక సొరంగం మిగులుతుంది. ఎక్కడైనా కప్పు కూలితే లోపలికి దారి ఏర్పడుతుంది. నంద్యాల జిల్లా బేలం గుహలు చూసినవారికి ఇది కొంత అర్థమవుతుంది. అక్కడ కూడా పైన చదునైన పొలాలు, వాటి మధ్య బావిలాంటి గుంత, దాని గుండా గుహలోకి దారి. కాకపోతే ఆ గుహను చేసింది లావా కాదు, సున్నపురాయిని కరిగించిన నీరు.

గోతి అడుగున గుహ ఉందో లేదో పైనుంచి చూసి చెప్పడం కష్టం. అందుకని సూర్యుడు వేరువేరు కోణాల్లో ఉన్నప్పుడు ఫొటోలు తీసి, గెలీలియోలాగే నీడను కొలిచి లోతు లెక్కకడతారు. పక్కవాటుగా తీసిన ఫొటోల్లో నేల అంచు కిందికి లోపలికి పోతోందా అని చూస్తారు. వేడిని కూడా కొలుస్తారు. లోతైన గుహ ద్వారం పగలు చుట్టుపక్కల నేల కన్నా చల్లగా, రాత్రి వెచ్చగా ఉంటుంది. ఈ గుర్తుతోనే 2007లో అంగారకుడి ఆర్సియా మోన్స్ అగ్నిపర్వతం మీద ఏడు చీకటి గుంతలను గుర్తించారు. ఆ తర్వాత అంగారకుడి మీద గుహ ద్వారాలు కావచ్చనిపించే 1000కి పైగా చోట్లను రకాల వారీగా ఒక జాబితాలో చేర్చారు. కావచ్చు అన్న మాట ముఖ్యం. ఎవరూ లోపలికి వెళ్లి చూడలేదు కాబట్టి వాటిని గుహలని తేల్చి చెప్పరు.

చంద్రుడి మీద అలాంటి మొదటి లోతైన రంధ్రం 2009లో జపాన్ వారి కగుయా ఉపగ్రహం ఫొటోల్లో, మారియస్ గుట్టల దగ్గర కనిపించింది. ఇప్పటికి 200కి పైగా అలాంటి గుంతలు దొరికాయి. మన చంద్రయాన్-1 తీసిన చిత్రాల్లో ఇస్రో శాస్త్రవేత్తలు కప్పు కూలని ఒక లావా సొరంగాన్ని గుర్తించి 2011లో వివరాలు ప్రకటించారు. ప్రశాంత సముద్రం అనే ప్రాంతంలో సుమారు 100 మీటర్ల వెడల్పున్న ఒక గుంత ఉంది. బయటి నేల పగలు 120 డిగ్రీల సెల్సియస్ దాటి కాలుతుంది, రాత్రి సున్నాకు 170 డిగ్రీల దాకా కిందికి పడిపోతుంది. ఆ గుంతలో నీడపట్టున మాత్రం ఎప్పుడూ 17 డిగ్రీల దగ్గర ఉంటుందని 2022లో శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. మనం స్వెటర్ వేసుకుని హాయిగా కూర్చోగల చల్లదనం అది. రేపు చంద్రుడి మీద మనుషులు ఎక్కువకాలం ఉండవలసి వస్తే ఇలాంటి చోట తలదాచుకోవచ్చని ఇప్పుడు ఆలోచిస్తున్నారు.

గుంతలను ఎవరో తవ్వారన్న కెప్లర్ మాట తప్పయింది. వేడికీ చలికీ గుహలే రక్ష అన్న మాట మాత్రం 400 ఏళ్ల తర్వాత లెక్కకు నిలబడింది. రెండింటినీ ఆయన ఒకే పుస్తకంలో, కారణాలతో సహా రాశారు. ఆ కారణాలు మన ముందు ఉన్నాయి కనుకనే తప్పును తీసేసి ఒప్పును ఉంచుకోగలిగాం.

1651లో ఇటలీకి చెందిన రిచియోలి చంద్రుడి పటం వేసి, ఒక అందమైన గుంతకు కెప్లర్ పేరు పెట్టారు. అది దాదాపు 31 కిలోమీటర్ల వెడల్పుంటుంది. తుఫానుల మహాసముద్రం అనే నల్లని మైదానం పక్కన, చుట్టూ కిరణాలు చిమ్మినట్టుండే ఆ గుంత చిన్న టెలిస్కోపుకు కూడా అందుతుంది. ఆ మైదానంలోనే పడమటగా మారియస్ గుట్టలున్నాయి, మొదట దొరికిన గుహ ద్వారం అక్కడే ఉంది. ఉన్న ఊళ్లో ఉండనివ్వని మనిషికి చందమామ మీద శాశ్వతమైన చిరునామా దొరికింది.

ఈసారి పున్నమికి నాలుగైదు రోజులు ముందు, మన బడిలో సైన్సు సారు టెలిస్కోపు బయటికి తీస్తే, చీకటీ వెలుగూ కలిసే గీత దగ్గర వెతుకుదాం. నీడ ఏ వైపున ఉందో చూసి, అది గుట్టో గుంతో మనమే తేల్చుకుందాం. ఎందుకలా అనుకున్నామో కారణం కూడా నోటు పుస్తకంలో రాసుకుందాం.